నీళ్లడిగే మల్లె, నీళ్లొద్దనే ఎడారి గులాబీ

కోస్గి దగ్గర ఒక ఊరి సబ్‌స్టేషన్‌ల నేను చాన ఏండ్లు ఆపరేటర్‌గ పనిచేసిన. గంటగంటకు మీటర్లు చూసి రీడింగు రాసుడు, ఏ లైనుకన్న కరెంటు పోతే మళ్ల ఎక్కిచ్చుడు, లైన్‌మెన్ స్తంభం ఎక్కినప్పుడు కరెంటు బందువెట్టి, ఆయన దిగిన అని చెప్పేదాక స్విచ్చి మీద ఎవ్వరి చెయ్యి పడకుండ చూసుడు. ఇదే కొలువు. మొదటి రోజుల్ల రైతుల ఫోన్లతోటి చెవులు గింగురుమంటుండె. "మా దిక్కు ఎప్పుడిస్తవ్? నాటు ఎండుతుంది, ఎప్పుడిస్తవ్?" ఒకటే అడుగుడు. తెలంగాణ వచ్చి, వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు షురూ అయినంక ఆ ఫోన్లు తగ్గినయి. గంటల పది నిమిషాలు పని, మిగిలిన యాభై నిమిషాలు కుర్చి. గా యాభై నిమిషాలల్లనే నాకు చెట్ల పిచ్చి పట్టింది.

సబ్‌స్టేషన్ ఆవరణ అంత కంకర. గడ్డిపోస గూడ మొలవనియ్యరు. కని కంట్రోల్ రూము ముందట, గేటు దాక, ఇంత మట్టి జాగా ఉండె. అండ్ల పెడదామని చిట్యాల పక్కన మా ఊరికి పోయినప్పుడు మా అమ్మను గుండుమల్లె అంటు అడిగిన. మా అమ్మ కొత్త కొమ్మనొకదాన్ని నేలకు వంచి, మట్టిల తొక్కి, మీద రాయి పెట్టి, "రెండు నెల్లకు రా, ఏర్లు వడ్తయి" అన్నది. రెండు నెల్లకు పోయి తెచ్చిన.

ఎక్కడ పెట్టాల్నో నేను పెద్దగ ఆలోచన చెయ్యలే. కంట్రోల్ రూము పక్కన ఎర్త్ గుంతలు ఉంటయి. లైన్ల ఏదన్న తేడా వస్తే ఆ కరెంటు భూమిలకు దిగిపోవాలని తవ్విన గుంతలవి. ఇనుప పైపు దించి, చుట్టూత ఉప్పు, బొగ్గు నింపుతరు. మట్టి ఎండొద్దని ఎండకాలం రోజూ అండ్ల నీళ్లు పోస్తం. దాని పక్కపొంటి నేల ఎప్పుడు సల్లగ, నల్లగ ఉంటది. నీళ్లకు కరువున్న ఊర్ల పుట్టినోన్ని నేను. తడి నేల కండ్ల వడ్తే చాలు, నాకు మనసు ఆగదు. మల్లెను తీసుకపోయి ఎర్త్ గుంతకు మూరెడు దూరంల పెట్టిన.

నెలదినాలు మంచిగనే ఉన్నది. తర్వాత ఆకుల అంచులు మాడుడు మొదలయింది. చుట్టూత అగ్గిపుల్లతోటి కాల్చినట్టు గోధుమరంగు గీత. నీళ్లు సాలుతలేవనుకున్న. ఇంకో బకెట్ ఎక్కువ పోసిన. మాడుడు ఇంక ఎక్కువైంది. పెంట ఎరువు తెచ్చి ఏసిన. కొత్త చిగురు గూడ పుట్టంగనే అంచు కాలి పుట్టింది. దినాం డ్యూటీ ఎక్కంగనే దాని కాడ కూసోని ఆకులు తిప్పి తిప్పి చూస్తుంటి. పురుగు లేదు, బూజు లేదు. ఎందుకు మాడుతుందో సమజ్ కాకపోయేది.

అప్పుడే మా సబ్‌స్టేషన్‌కు ఒక ఆడామె ఆపరేటర్‌గ వచ్చింది. ఇరవై ఆరేండ్లుంటయి. అచ్చంపేట దిక్కు వాళ్లది. వాళ్ల బాపు మా శాఖలనే లైన్‌మెన్‌గ ఉండి, ఇంకా సర్వీసు ఉండంగనే గుండె ఆగి పోయిండట. ఆయన జాగల ఈమెకు కొలువు ఇచ్చిండ్రు. పెనిమిటి కోస్గిల మందుల దుకాణంల పనిచేస్తుండె. ఆమెకు పొద్దుగాల డ్యూటీ, నాకు పగటేళ్ల రెండింటికి. ఆమె దిగే యాళ్లకు నేను ఎక్కేటోన్ని. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేటోన్ని. మాకు మాట్లాడుకునే టైము ఆ పది పదిహేను నిమిషాలే.

వచ్చిన రెండో వారం, బస్సుల ఒళ్లె పెట్టుకోని ఒక కుండీ తెచ్చింది. అండ్ల జానెడున్నర చెట్టు. మొదలు మాత్రం నా పిడికిలంత లావు, బూడిదరంగు, నున్నగ. మీద నాలుగు కొమ్మలు, కొసలకు కొన్ని ఆకులు, రెండు గులాబీరంగు పూలు.

"ఇదేం చెట్టు చెల్లె? ఉల్లిగడ్డ మింగినట్టు గా కడుపేంది?" అని అడిగిన.

"ఎడారి గులాబీ అన్నా. గా కడుపులనే నీళ్లు దాచుకుంటది. గింజ నుంచి పెంచిన. ఆరేండ్లు అయింది."

"ఆరేండ్లకు గింతేనా?"

"ఎత్తు పెరగదు. లావు అయితది. సంవత్సరానికి ఒకసారి దారం చుట్టి కొలుస్త."

దాని మొదలు కింద రెండు దొడ్డు ఏర్లు మట్టి మీదికి తేలి, ఒకదాని మీద ఒకటి మెలేసుకోని ఉండె. మనిషి కాలు మీద కాలేసుకోని కూసున్నట్టు. నాకు చూసినకొద్ది చూడబుద్ధయింది. కుండీని కంట్రోల్ రూము వసారా కొసకు, ఎండ మంచిగ వడే జాగల పెట్టింది.

తర్వాత నా మల్లె దిక్కు పోయి వంగి చూసింది. నేను నా పరేషానంత చెప్పిన. ఎన్ని నీళ్లు పోసిన్నో, ఏం ఎరువేసిన్నో అన్ని చెప్పిన. ఆమె చెట్టును చూస్తలేదు, మట్టిని చూస్తుంది. మట్టి మీద అక్కడక్కడ తెల్లగ పొడి తేలి ఉండె. నేను ముగ్గుపిండి లెక్క ఉన్నదనుకున్న గని ఎన్నడు పట్టిచ్చుకోలే. ఆమె చూపుడు వేలు దానికి అద్ది నాలుక మీద పెట్టుకున్నది.

"థూ! ఉప్పన్నా!" అని నోరు పుక్కిలిచ్చి, ఎర్త్ గుంత దిక్కు చెయ్యి చూపెట్టింది. "మీరు అండ్ల ఎన్ని బస్తాలు ఏసిండ్రు?"

నేను బిత్తరపోయిన. గా గుంతలల్ల ఉప్పు నింపింది నేనే. అంతకుముందటి ఎండకాలం కూలోళ్లతోటి దగ్గరుండి పోపిచ్చిన. రోజూ నీళ్లు పోస్తే గా ఉప్పు కరిగి పక్కకు పాకుతది, మల్లె ఏర్లు దాన్ని తాగుతున్నయి. నేను ఎక్కువ నీళ్లు పోసినకొద్ది ఎక్కువ ఉప్పు తాపిచ్చిన్నన్నట్టు. అన్నేండ్ల సర్వీసుల నాకు తట్టని సంగతి, వచ్చి రెండు వారాలు కానామెకు తట్టింది. సిగ్గయింది గని, కారణం దొరికినందుకు సంబురం గూడ అయింది.

మొదటి వాన పడ్డంక మల్లెను మట్టిగడ్డతోటి లేపి, కొమ్మలు సగానికి కోసి, గేటు పక్కన గోడ కాడికి మార్చినం. ఇరవై దినాలల్ల అంచు మాడని చిగురు వచ్చింది. గా ఆకును ఆమెకు తెంపి చూపెట్టిన.

అప్పటినుంచి మా డ్యూటీ మార్పిడి పది నిమిషాలు ఈ రెండు చెట్ల ముచ్చటే. రెండింటికి పోలిక పెట్టుకునేటోళ్లం. రెండింటికి ఎండ కావాలె, అది ఒక్కటే కలుస్తది. మిగిలినయన్ని ఎడ్డెమంటే తెడ్డెమే. మల్లెకు మట్టి మెత్తగ, ఎరువుతోటి ఉండాలె. ఎడారి గులాబీకి ఇసుక, చిన్న కంకర, కొద్దిగ మట్టి ఉంటే సాలు. మల్లె పువ్వు ఒక్క మాపున విచ్చుకోని తెల్లారేసరికి పసుపువడ్తది, కని వాసన గేటు దాటిపోతది. ఎడారి గులాబీకి వాసన లేదు, కని ఒక్కొక్క పువ్వు వారం, పది దినాలు నిలుస్తది. ఒకనాడు గేటు తెరిచి ఉంటే మేకలు జొరబడ్డయి. మల్లెను మోకాలు ఎత్తుకు తినిపెట్టినయి. ఎడారి గులాబీని ఒక మేక వాసన చూసి మూతి తిప్పుకున్నది.

"దాని పాలు విషమన్నా. కొమ్మ తెంపితే చెయ్యి కడుక్కోవాలె," అన్నది ఆమె. అడవి అంచున పుట్టింది కదా, ఏ జంతువు ఏది తినదో ఆమెకు మంచిగ ఎరుక.

రెండేండ్లకు ఆమె నీళ్లాడేటందుకు అచ్చంపేటకు తల్లిగారింటికి పోయింది. ఆరు నెల్ల సెలవు. కుండీని బస్సుల అంత దూరం మోసుకపోలేదు, ఇంట్ల పెడదామంటే కిరాయి ఇంట్లకు ఎండ రాదు. పోయేముందటి దినం నాకు అప్పజెప్పింది.

"వారానికి ఒక్కసారి పొయ్యి అన్నా. మట్టి లోపల దాక ఎండిందో లేదో పుల్ల గుచ్చి చూడు. వానలు షురూ అయితే అసలే వద్దు. వసారాల లోపలికి జరుపు."

"నువ్వు ఫికర్ చెయ్యకు చెల్లె. మంచిగ చూసుకుంట," అన్న.

ఆ మాట మనస్ఫూర్తిగ అన్న. ఆమె చెప్పింది చెవుల వడ్డది గని చేతికి ఎక్కలే. రోహిణి ఎండలు. ఉక్కపోతకు మనుషులే తాళలేకపోతున్నరు. మల్లెకు రెండు పూటల పోస్తుంటి. దాని పక్కనుంచి పోయి ఎడారి గులాబీని చూస్తే, ఎండిపోయిన మట్టిల, నోరు తెరుచుకోని చూస్తున్నట్టు అనిపిచ్చేది. మల్లెకు పోసి దీనికి పొయ్యకపోవుడు నాకు పాపమనిపిచ్చింది. ఒక్క చెంబు పోసిన. తెల్లారి ఇంకో చెంబు. మా ఊర్ల చిన్నప్పుడు బిందె నీళ్లకు మైలు దూరం నడిచేటోళ్లం. ఎవరన్న ఇంటికి వస్తే ముందుగాల చెంబుతోటి నీళ్లిచ్చుడే మర్యాద. ఒకరికి నీళ్లిస్తే చెడు జరుగుతదని నా బుద్ధికి తోచదు.

వానలు వడ్డయి. కుండీని లోపలికి జరిపిన, కని చెంబు ఆపలే. కొన్ని దినాలకు ఆకులు పసుపువడి రాలుడు మొదలయింది. నీళ్లకు దూపై రాలుస్తుందనుకోని రెండు చెంబులు చేసిన. ఇంతల అచ్చంపేట నుంచి ఆమె ఫోన్ చేసింది. ఆడపిల్ల పుట్టిందట, ఇద్దరు మంచిగున్నరట. నేను సంబురపడ్డ.

"అన్నా, నా చెట్టెట్లుంది?"

"మంచిగుంది," అన్న.

"పూస్తుందా?"

"ఆ, పూస్తుంది. మూడు పూలున్నయి."

ఎందుకు గట్ల అన్ననో ఇప్పటికి చెప్పలేను. అప్పుడే కాన్పయిన మనిషికి ఆకులు రాలుతున్నయని చెప్పుడెందుకనుకున్న. ఫోన్ పెట్టి కుండీ కాడికి పోయిన. గా లావు మొదలును బొటనవేలుతోటి ఒత్తి చూసిన. వేలు లోపలికి దిగింది. కుళ్లిన వంకాయను ఒత్తితే ఎట్లుంటదో గట్ల. వాసన గూడ వచ్చింది.

తెల్లారి డ్యూటీకి ముందే కుండీని గోనెసంచిల పెట్టుకోని మహబూబ్‌నగర్ బస్సెక్కిన. ఊరి బయట రోడ్డు మీద ఒక నర్సరీ ఉండె. అండ్ల పెద్దమనిషి చెట్టును కుండీల నుంచి తీసి, మట్టి దులిపి, వాసన చూసిండు.

"రోజూ పోసినవా?"

"ఒక్క చెంబే పోసిన," అన్న, కొద్దిగ తక్కువ చేసి.

"చెంబు సంగతి కాదు సార్. రోజూ పోసుడే తప్పు. దీనికి లోపల నీళ్లున్నయి. నువ్వు మీదికెళ్లి పోస్తే ఏడ పెట్టుకుంటది?"

చాకు తీసుకోని కింద నుంచి కోసుకుంట వచ్చిండు. లోపల గోధుమరంగు. ఇంకొంచెం కోసిండు. ఇంకా గోధుమే. తెల్లటి కండ కనవడేదాక కొయ్యాలన్నడు. కని ఆ మెలేసుకున్న రెండు ఏర్లు పోయినయి, పిడికిలంత కడుపు పోయింది, తెల్లకండ మాత్రం దొరకలే. ఆఖరికి మీది కొమ్మలల్ల మూడే మిగిలినయి. తెగిన కాడ పాలు కారుతున్నయి.

"కండ్లకు తగలనియ్యకు. నీడల వారం దినాలు ఎండబెట్టు, కోసిన కాడ పొర గట్టాలె. తర్వాత ఇసుకల గుచ్చు. నీళ్లు మాత్రం మరిచిపో," అన్నడు.

గప్పుడే నా కన్ను పక్క వరుస మీద వడ్డది. అచ్చం అదే గులాబీరంగు పూల చెట్టు, అదే ఎత్తు, మొదలు గూడ అంతే లావు. ఆలోచన వచ్చింది. కొన్న. సబ్‌స్టేషన్‌కు తెచ్చి ఆమె కుండీల పెట్టిన. మూడు కొమ్మలను వారం ఎండబెట్టి, కంట్రోల్ రూము ఎనుక, పాత డ్రమ్ముల చాటుకు, నూనె డబ్బాలల్ల ఇసుక నింపి గుచ్చిన.

ఇంట్ల మా ఆమెకు చెప్పిన. ఆమె కూర కలుపుతున్న గంటె ఆపి నా దిక్కు చూసింది.

"ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పరాదా? చెట్టే కదా."

"చెప్త తియ్యి," అన్న. చెప్పలే. దినాలు పోయినకొద్ది చెప్పుడు ఇంక కష్టమైంది.

సలికాలంల చెల్లె మళ్ల డ్యూటీకి వచ్చింది. ఆ దినం నేను పన్నెండింటికే పోయిన. ఆమె వసారాల కుండీ ముందట గొంతుకూసోని ఉన్నది. నేను వచ్చిన చప్పుడు ఇన్నా తల ఎత్తలే.

"అన్నా, ఇది నాది కాదు."

"నీదే చెల్లె. జర ఆకులు రాల్చింది, సలికి..."

"ఇది కాలు మీద కాలేసుకోని లేదన్నా."

ఆమెను కంట్రోల్ రూము ఎనుకకు తీసుకపోయిన. మూడు డబ్బాలల్ల ఒకటి ఎండింది. రెండు బతికినయి, నాలుగైదు ఆకులేసినయి. చెంబు సంగతి, చాకు సంగతి, నర్సరీ సంగతి అన్ని చెప్పిన. ఆమె ఇన్నది. చివరికి ఒక్కటే మాట అన్నది.

"చెట్టు పోయినందుకు బాధ లేదన్నా. మూడు పూలు పూసినయన్నవ్. నేను మా అమ్మకు, చుట్టుపక్కలోళ్లకు గూడ చెప్పుకున్న, నా చెట్టు పూసిందట అని."

తప్పయింది చెల్లె అన్న. ఆమె బ్యాగు వేసుకోని పోయింది.

మూడు దినాలు పని మాటలే. "ఊరి ఫీడర్ లైను బందుంది, లైన్‌మెన్ మీదున్నడు. రీడింగు రాసిన." అంతే. నేను కుర్చిల కూసోని గా కొన్న చెట్టును చూస్తుంటి. అది ఏం తప్పు చేసిందని దాని మీద గూడ కోపమొచ్చేది.

నాలుగో దినం నేను పోయేసరికి ఆమె కంట్రోల్ రూము ఎనుక డబ్బాల కాడ ఉన్నది. చేతుల దారం ముక్క.

"ఎన్నో దినానికి ఏరు వడ్డది?" అని అడిగింది.

"తవ్వి చూడలే. నలభై దినాలకు ఆకు వచ్చింది."

"నీళ్లు?"

"నర్సరీ ఆయన మరిచిపొమ్మన్నడు. నిజంగనే మరిచిపోయిన."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు పాణం లేచొచ్చినట్టయింది. కొమ్మ మొదలుకు దారం చుట్టి కొలిచి, "గింజ నుంచి వచ్చినదానికే గా కడుపు వస్తదంటరు అన్నా. కొమ్మకు గట్ల రాదట. నిజమో కాదో చూద్దాం," అన్నది. కోపం పూర్తిగ పోయిందో లేదో గని, తెలుసుకోవాలన్న ఆత్రం ముందు కోపం ఆగలే.

గదే నెలల మల్లెకు చేసే పని వచ్చింది. పుష్యమాసంల మా అమ్మ మల్లెకు నీళ్లు బందువెడ్తది. పది పదిహేను దినాలు ఎండబెట్టి, ఆకంత దూసి, కొమ్మలు కత్తిరిచ్చి, తర్వాత ఎరువేసి నీళ్లు విడుస్తది. నేను గట్ల షురూ చేస్తుంటే ఆమె చెయ్యి పట్టినంత పని చేసింది.

"పచ్చగున్న చెట్టును గిట్ల దూస్తరా? నీళ్లొద్దన్నదానికి పోస్తివి, కావాలన్నదానికి బందువెడ్తివి!"

"మల్లెకు ఇది కావాలె చెల్లె. లేకుంటె ఆకే పెడ్తది, మొగ్గ పెట్టదు."

"ఎట్ల తెలుసు?"

"మా అమ్మ చేస్తది."

"అమ్మ చేస్తది గని, చెయ్యకపోతే ఏమైతదో ఎవరన్న చూసిండ్రా?"

ఎవరు చూడలే. ఆమె ఉపాయం చెప్పింది. చెట్టుకు నడుమ దారం కట్టినం. గోడ దిక్కు సగం ఆకు దూసి కత్తిరిచ్చిన, గేటు దిక్కు సగం అట్లనే ఉంచినం. నీళ్లు మాత్రం చెట్టంతకు బందే. చూసినోళ్లు నవ్విండ్రు. సగం గుండు చేసినట్టున్నదని మా లైన్‌మెన్ అన్నడు. ఉగాది దాటినంక గోడ దిక్కు కొమ్మ కొమ్మకు మొగ్గలు, గుత్తులు గుత్తులు. గేటు దిక్కు పచ్చగ, ఏపుగ ఆకు, ఎతికితే ఐదారు మొగ్గలు. ఆమె రెండు దిక్కులు తెంపి లెక్కవెట్టింది, గేటు దిక్కువి ఒక పిడికిట్లనే పట్టినయి. మా అమ్మకు ఫోన్ల చెప్పిన. "మరి నేను చెప్పంగ ఇనొద్దా?" అన్నది మా అమ్మ. అమ్మ మాట నిజమని ఇట్ల కండ్లార చూసుడు ఎంత బాగుంటదో అమ్మకు ఎట్ల చెప్పాల్నో తెల్వలే.

చెల్లె రోజూ రెండింటికే దిగిపోతుండె. పొద్దుగాల మొగ్గలు చూసుడే గని మల్లె విచ్చుకునుడు సబ్‌స్టేషన్‌ల ఎన్నడు చూడలే. ఒకనాడు పెనిమిటిని, బిడ్డను తీసుకోని మాపటికి వచ్చింది. వసారాల చాప వేసుకోని కూసున్నరు. ఒక మొగ్గను గుర్తువెట్టుకోని దాన్నే చూసుకుంట ఉన్నం. పొద్దు గూకినంక ఒక రేకు కొస సడలింది. రెప్ప కొట్టినప్పుడు కదిలిందో, చూస్తున్నప్పుడు కదిలిందో ఎవ్వరికి తెలుస్తలేదు. నేను రీడింగు రాసి వచ్చేసరికి సగం తెరిచింది. "నువ్వు చూసినవా?" అని ఆమెను అడిగిన. "చూస్తనే ఉన్న అన్నా. ఎప్పుడు విచ్చుకుందో మాత్రం చెప్పలేను," అన్నది. బిడ్డ గా వాసనకు ముక్కు ఎగరేసుకుంట చేతులు చాపింది.

ఎడారి గులాబీ కొమ్మలు రెండో ఎండకాలంల పూసినయి. ఇగ ఆమెకు గింజల మీద ధ్యాస వడ్డది. పువ్వు గొంతుల చీపురు పుల్ల పెట్టి, పుప్పొడి తీసి, అదే చెట్టు ఇంకో పువ్వుకు అద్దింది. పది పూలకు చేసింది. ఒక్కదానికి కాయ కాలే. పెనిమిటి ఫోన్ల ఎక్కడనో చదివి చెప్పిండట, తన పుప్పొడి తనకు పట్టదు, వేరే చెట్టుది కావాలె అని. రెండు కొమ్మలు ఒక్క చెట్టువే కదా. అప్పుడు ఇద్దరం ఒక్కసారే వసారా దిక్కు చూసినం. నేను ఆమెను మోసం చెయ్యనీకె కొన్న చెట్టు, పూసి నిలవడి ఉన్నది.

దాని పుప్పొడి అద్దినంక ఒక పువ్వుకు కాయ పట్టింది. మేక కొమ్ముల లెక్క రెండు కాయలు ఎదురెదురుగ. పగిలి గింజలు ఎగిరిపోతయని దారం చుట్టింది. రెండున్నర నెల్లకు పండి పగిలినయి. లోపల సన్నటి గింజలు, రెండు కొసలకు పట్టుకుచ్చులు. ఇసుకల పద్నాలుగు ఏసినం. తొమ్మిది మొలిచినయి. మొలిచిన వారంకే మొదలు ఉబ్బి, పెసరగింజ మింగినట్టు కనవడ్డయి. ఆమె భూతద్దం తెచ్చుకోని చూసింది. ఈసారి నీళ్లు పోసే పని నాకు ఇయ్యలే. నేను అడగలే.

నేను రిటైరయి చిట్యాల పక్కన మా ఊరికి వచ్చేసిన. ఆమె రెండు మొక్కలు ఇచ్చి పంపింది. ఆమె ఇప్పటికి అక్కడనే ఉన్నది. కొత్తగ వచ్చినోళ్లకు ఎర్త్ గుంత పక్కన ఏది పెట్టొద్దని ముందే చెప్తదట. ఇక్కడ మా అమ్మ మల్లె పాతది, మొదలు చెయ్యంత అయింది. దానికి పొద్దుగాల నీళ్లు పడ్తయి. మిద్దె మీద రెండు కుండీలకు మాత్రం పుల్ల గుచ్చి చూసినంకనే. చెంబు అందుకోని రెండు మెట్లు ఎక్కి దిగిన దినాలు గూడ ఉన్నయి.

మొన్న ఎండకాలం ఒకటి పూసింది. తల్లి గులాబీరంగు, కొన్నది గూడ గులాబీరంగే, ఇదేమో ముదురు ఎరుపు, రేకుల అంచులు నల్లగ. ఫోటో తీసి పంపితే ఆమె వెంటనే ఫోన్ చేసి, "గీ ఎరుపు ఏడికెళ్లి వచ్చిందన్నా?" అన్నది. నాకు తెల్వదన్న. రెండోది ఇంకా పూయలే. కొసకు చిన్న మొగ్గ పట్టింది. మా ఆమె తెలుపు పూస్తదంటుంది. నేను రోజు మిద్దెక్కి చూసి వస్తున్న.